గోకేకొద్దీ పెరిగే దురద - ఎగ్జిమా



కొన్నేళ్ళ క్రితం నా తరగతిలో ఒక కుర్రవాడు వుండేవాడు. మండు వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడు. అతని మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక చర్మం నల్లగా, మందంగా, గరుకుగా వుండేది. పాఠం వింటున్నంతసేపూ గోక్కుంటూనే వుండేవాడు. "వాడికి తామర మాష్టారూ! మాకూ అంటుకుంటుంది" అంటూ తోటి పిల్లలు దూరంగా జరిగేవారు. నేనూ ముందువెనకలు ఆలోచించకుండా అతన్ని విడిగా చివరి బెంచీమీద కూర్చోబెట్టాను.

వారం తిరక్కుండా అతని తండ్రి డాక్టరు చీటీ తెచ్చి చూపించాడు. అందులో వున్న మాట 'ఎగ్జిమా'. అది అంటువ్యాధి కాదు. సైన్సు చెప్పే నేనే ఆ పని చేసినందుకు సిగ్గుపడ్డాను. మీరు ఆ పొరపాటు చేయకూడదనే ఈ పాఠం.

పేరు ఒకటే, జబ్బులు వేరు

మన వాడుకలో 'తామర' అనే మాటను ఒకటికి మించి చర్మవ్యాధులకు వాడుతారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఉంగరంలా గుండ్రంగా, అంచు కొంచెం ఉబ్బి, మధ్యలో తేటపడుతూ పెరిగే మచ్చ శిలీంధ్రం వల్ల వస్తుంది. తువ్వాళ్ళు, బట్టల ద్వారా ఇది ఒకరినుంచి మరొకరికి సోకుతుంది.

గజ్జి సంగతి వేరు. కంటికి కనబడీ కనబడని ఒక చిన్న పురుగు చర్మంలో సొరంగం తొలిచి గుడ్లు పెడుతుంది. దురద ఎక్కువగా వేళ్ళ సందుల్లో, రాత్రివేళ వస్తుంది. ఇంట్లో మిగతావారికీ పాకుతుంది.

ఎగ్జిమాకు మూలం క్రిమి కాదు. పక్కన కూర్చున్నా, చేయి పట్టుకున్నా, కబడ్డీ ఆడినా అది మీకు రాదు.

గోడలో బీటలు

మన చర్మం పైపొర ఇటుకల గోడ లాంటిది. చనిపోయి బల్లపరుపుగా మారిన కణాలు ఇటుకలు. వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు సున్నం. ఒంట్లోని నీరు బయటికి పోకుండా, బయటి దుమ్ము, క్రిములు లోపలికి రాకుండా ఈ గోడ కాపాడుతుంది.

ఎగ్జిమా వున్నవారిలో ఈ గోడ బలహీనంగా వుంటుంది. గోడ గట్టిపడడానికి 'ఫిలాగ్రిన్' అనే మాంసకృత్తు కావాలి. దాన్ని తయారుచేసే జన్యువులో లోపం వున్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్లీన్ బృందం కనుగొన్నది. రోగులందరిలోనూ ఈ లోపం వుండదు. ఇతర కారణాలూ వున్నాయి. ఉబ్బసం, తరచు తుమ్ములు వున్న కుటుంబాల్లో ఎగ్జిమా ఎక్కువగా కనబడుతుంది.

గోడ బీటలు వారితే చర్మం ఎండిపోతుంది. దుమ్ము, సబ్బు లోపలికి దిగుతాయి. శరీరంలోని రక్షణ కణాలు అవసరానికి మించి పోరాటానికి దిగుతాయి. దాంతో చర్మం ఎర్రబడి దురద పుడుతుంది. గోకితే గోడ ఇంకొంచెం కూలుతుంది. దురద మరింత పెరుగుతుంది. మళ్ళీ గోకుతాం! గోటి గాయాల్లో బాక్టీరియా చేరితే చీము కూడా పడుతుంది.

చేసి చూడండి

చెక్కు తీసిన బంగాళాదుంపనుంచి ఒకే కొలత గల రెండు ముక్కలు కోయండి. ఒకదానికి అన్ని వైపులా వేసలైన్ పూయండి. రెండింటినీ విడివిడిగా తూచి, గాలి తగిలేచోట వుంచండి. మర్నాడు మళ్ళీ తూచండి. వేసలైన్ లేని ముక్క ముడతలు పడి, ఎక్కువ బరువు కోల్పోతుంది. ఎందుకో మీకు తెలిసే వుంటుంది. నీరు ఆవిరైపోయింది! ఎగ్జిమాకు మొదటి చికిత్స ఈ ప్రయోగంలోనే వుంది.

ఏం చేయాలి?

గోరువెచ్చని నీళ్ళతో కొద్ది నిమిషాల్లో స్నానం ముగించాలి. మరీ వేడినీళ్ళు చర్మంలోని కొవ్వును కడిగేస్తాయి. సబ్బునీళ్ళలో ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారుతుందని మీరు చదివారు కదా! చర్మానిది కొద్దిగా ఆమ్లగుణం. క్షారగుణం గల సబ్బు దానికి పడదు. అందుకే సబ్బు తక్కువ వాడాలి. ఒళ్ళు అద్దినట్టు తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే వేసలైన్ వంటిది పూయాలి. చలికాలంలో రోజుకు రెండు మూడుసార్లు పూయడం అవసరం. గోళ్ళు కురచగా కత్తిరించుకోవాలి. నూలు బట్టలు మేలు. దురద పుడితే గోకకుండా చల్లని తడిగుడ్డ వేయండి.

ఎర్రబడినప్పుడు డాక్టరు స్టెరాయిడ్ పూతమందు ఇస్తారు. 1952లో అమెరికాలో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే వైద్యులు హైడ్రోకార్టిసోన్‌ను చర్మంపై పూసి మంచి ఫలితాలు చూశారు. డాక్టరు చెప్పినట్టు వాడితే ఇది మంచి మందు. మనంతట మనం కొని నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. శిలీంధ్రం వల్ల వచ్చిన తామర మీద పూస్తే దురద తగ్గినట్టే వుండి, మచ్చ పాకుతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూతమందులు అనేకం డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్నది.

జిల్లేడు పాలు, ఘాటైన పసర్లు పూయకండి, చర్మం పుండవుతుంది. వంకాయ, గుడ్డు, చేప అన్నీ మానిపించడమూ సరికాదు. ఏదైనా పదార్థం పడడం లేదని అనుమానం వస్తే డాక్టరునే అడగాలి. ఎదిగే పిల్లలకు తిండి తగ్గకూడదు.

చాలామంది పిల్లల్లో ఎగ్జిమా వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. అంతవరకు దాన్ని అదుపులో వుంచుకోవచ్చు. ఆ కుర్రవాణ్ణి మర్నాడే మొదటి బెంచీకి రప్పించి, తరగతికంతా ఈ పాఠం చెప్పాను. వేసలైన్ చర్మానికి పనికొస్తుంది. చివరి బెంచీ బాధకు మాత్రం స్నేహితులే మందు.

ఆలోచించండి

1. ఎగ్జిమా చలికాలంలో ఎందుకు ఎక్కువవుతుంది?

2. శిలీంధ్రం వల్ల వచ్చే మచ్చకూ, ఎగ్జిమాకూ గల తేడాలు రాయండి.

3. మీ తరగతిలో ఎవరినైనా చర్మం చూసి దూరంగా వుంచుతున్నారా? వుంటే, రేపు మీరేం చేస్తారు?