చచ్చిన మ్రానిలో పెంకుపురుగులు

చెట్టు చచ్చిన పిమ్మట వంటచెఱకుగా తప్ప వేఱొక ప్రయోజనము లేదని పలువురి తలంపు. కాని ఫిన్లాండు అడవులలోని జీవజాతులలో నూటికి 20 మొదలు 25 వఱకు చచ్చిన మ్రానుల నాశ్రయించియే బ్రతుకుచున్నవని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. వీనిలో పెంకుపురుగులు ముఖ్యమైనవి. ఇవి యొక యడవిలో అనేక జాతులుగాను, మఱియొక యడవిలో కొలదిజాతులుగాను కనబడుటకు కారణమేమి? ఇచ్చట మేము విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

ఒక ప్రదేశమున లభించు శక్తి హెచ్చిన కొలది జాతులసంఖ్యయు హెచ్చునని 1983లో డేవిడ్ రైట్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. ఆహారము సమృద్ధిగా నున్నచో ప్రాణులు పెక్కగును. పెక్కయినచో, అరుదైన జాతియు ఒక చెడుకాలమునకే నశింపక నిలుచును.

మన పురుగులకు ఈ శక్తి రెండు విధములుగా లభించును. ఒకటి మ్రానిలోని ఆహారము. రెండవది సూర్యుని వేడిమి. కట్టె చూచుటకు గొప్ప నిధియే గాని, అందు నత్రజని మిక్కిలి స్వల్పము. అందుచేతనే ఐరోపాలో లేడికొమ్ములవంటి దవడలుగల పెంకుపురుగు, డింభకదశలో పుచ్చిన కట్టెను తినుచు కొన్నియేండ్లు గడపవలసివచ్చును. పురుగులకు మనవలె స్థిరమైన దేహోష్ణము లేదు. కావున కట్టెకు ఎండ సోకినచో వాని యెదుగుదల త్వరపడును.

ఈ రెండింటిలో ఒకటి కొఱవడినచో రెండవది తీర్చగలదా? కొంతవఱకు తీర్చగలదని మధ్య ఐరోపా యడవులనుగూర్చి 2015లో వెలువడిన పరిశోధనవలన తెలియుచున్నది. వెచ్చని తావులలో ఎండుమ్రానులు తక్కువైనను పురుగుల జాతులు అంతగా తగ్గవు. జర్మనీలోని బవేరియా యడవిలో మొద్దులను కొన్నిటిని ఎండలోను, కొన్నిటిని నీడలోను ఉంచి చూడగా, ఎండలోనివే యెక్కువ జాతులకు ఇల్లయ్యెను. అయితే నీడనే కోరు జాతులును కలవు. వృక్షజాతిని బట్టియు, మొద్దు లావును బట్టియు పురుగులు మాఱును. కావున వేడిమి యొక్కటియే చాలునని యెంచుట పొరపాటని మా యభిప్రాయము.

ఐరోపాలో హెక్టారునకు 20 మొదలు 50 ఘనపు మీటర్ల వఱకు ఎండుకట్టె యుండవలెనని 2010లో పరిశోధకులు సూచించిరి. కలపకై పెంచెడు అడవులలో ఇంత దొరకుట యరుదు. బవేరియాలో 1970లో జాతీయోద్యానము నెలకొల్పబడినది. 1983లో గాలివానకు పడిన చెట్లను తొలగింపక విడిచిరి. తరువాత బెరడుపురుగులు స్ప్రూసు వృక్షములను వేలకొలది హెక్టార్లలో చంపగా ప్రజలలో పెక్కండ్రు ఆగ్రహించిరి. వారి యాగ్రహము సహజమే. కాని ఆ మోడులపై ఎండ ధారాళముగా పడి, అరుదైన పెంకుపురుగులకు ఆశ్రయము దొరకెను.

కొబ్బరితోటల సంగతి వేఱు. అచ్చట పుచ్చిన మొద్దులలో కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టును. దాని సంతతి పెద్దదై బ్రతికియున్న చెట్ల మొవ్వును తొలుచును. కావున తోటలోని పుచ్చుమొద్దులను తీసివేయుటయే యుక్తము.