మంచుసీమకు పిల్లలతో ప్రయాణం – వస్త్రధారణలో పాటించవలసిన జాగ్రత్తలు

సంక్రాంతి సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని మంచు చూడడానికి కాశ్మీరు, మనాలీ వంటి చోట్లకు వెళ్ళే తెలుగు కుటుంబాలు అనేకం. మన ఊళ్ళలో పుష్యమాసపు తెల్లవారుజామున ఒక స్వెటరు, చెవులకు ఒక మఫ్లరు ఉంటే పిల్లవానికి చాలును. ఆ లెక్క మంచుసీమలో ఏమాత్రం పనికిరాదు. ఈ సంగతిని వైద్యుడనై ఉండి కూడా నేను ఆలస్యంగా, ఒక పసివాని బాధ వలన తెలుసుకున్నాను. పాఠకులలో మరొకరు అదే పొరపాటు చేయకూడదని ఆ అనుభవాన్ని దాచకుండా ఇక్కడ వివరిస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

2023 సంక్రాంతికి మా అమ్మాయి, అల్లుడు, ఆరేళ్ళ మనుమడితో కలిసి గుల్మార్గ్ వెళ్ళాము. ఆ ప్రదేశం సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు 21న ఆరంభమై 40 దినాలు సాగే తీవ్రమైన చలికాలాన్ని కాశ్మీరీలు 'చిల్లై కలాన్' అంటారు. మేము వెళ్ళినది సరిగా ఆ దినాలలోనే.

ఉదయం మనుమనికి ఒళ్ళంతా గోరువెచ్చని నువ్వులనూనె మర్దించి, నూలు బనియను, నూలు చొక్కా, వాటిపై రెండు మందపు స్వెటర్లు తొడిగాను. "తాతయ్యా, బిగుతుగా ఉంది" అన్నాడు. "చలికి బిగుతే మంచిదిరా" అన్నాను. వాడు గంటసేపు మంచులో ఆడాడు. చెమటకు బనియను తడిసింది. మంచు కరిగి ఊలు చేతితొడుగులు తడిశాయి. ఇంతలో గాలి లేచింది. మొదట వణికాడు. కొంతసేపటికి వణుకు తగ్గింది, మాటలు తగ్గాయి, నిద్ర వస్తున్నదన్నాడు. ఆడి అలసిపోయాడని అనుకున్నాను.

బసకు చేరగానే ఆ ఇంటి పెద్దావిడ వాని మెడ వెనుక చేయి పెట్టి చూసింది. మారుమాట లేకుండా తడిబట్టలన్నీ విప్పించి, ఒంటిని పొడిగా తుడిచి, తన ఫిరన్ లోపలికి తీసుకొని రొమ్ముకు హత్తుకొని పైన కంబళి కప్పుకున్నది. కొంతసేపటికి వాడు మళ్ళీ వణకసాగాడు. నేను కంగారుపడగా, "వణుకుతున్నాడంటే మంచిదే" అని హిందీలో చెప్పింది. వాడు బాగా తెలివిగా మాట్లాడిన తరువాతనే గోరువెచ్చని తీపిపాలు త్రాగించింది. పిమ్మట అక్కడి వైద్యునికి చూపించాము. ప్రమాదం తప్పింది. నేను కూడా వైద్యుడనే అని ఆమెతో చెప్పడానికి ఆ రాత్రి నాకు నోరు రాలేదు.

శాస్త్రం ఏమి చెప్పినది?

చరకసంహిత సూత్రస్థానం 6వ అధ్యాయంలో ఋతుచర్య చెప్పబడినది. హేమంతంలో చల్లనిగాలి తాకిడికి శరీరపు వేడి లోపలనే నిరోధింపబడి జఠరాగ్ని బలపడుతుంది. అందుకు తగిన ఆహారం లభించకపోతే ఆ అగ్ని శరీరంలోని రసాన్నే హరిస్తుంది, వాతం ప్రకోపిస్తుంది. కనుక అభ్యంగనం, తలకు తైలం, ఎండ, వెచ్చని గృహం, బరువైన వెచ్చని వస్త్రాలు విధింపబడినవి. నేను అభ్యంగనం చేసి, వస్త్రాల విషయం తేలికగా తీసుకున్నాను. నూనె చర్మం పగలకుండా కాపాడుతుంది. అంతేకాని నూనె రాసిన ఒంటికి చలి తగలదనుకొనుట భ్రమ. అది కంబళికి బదులు కాజాలదు.

వేడిని నిలిపేది బట్టలలో చిక్కుకున్న పొడిగాలి. బట్ట బిగుతైతే ఆ గాలికి చోటుండదు, రక్తప్రసారం కూడ తగ్గుతుంది. బట్ట తడిస్తే గాలి స్థానంలో నీరు చేరుతుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా శరీరపు వేడిని లాగివేస్తుంది. నూలు చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది గనుక మన ఎండలకు అది ఎంత హితమో మంచుసీమలో అంత అహితం. గాలివేగం కూడ లెక్కించవలెను. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే విప్పి ఉన్న చర్మానికి అది మైనస్ 20 డిగ్రీల చలివలె తగులుతుంది. బరువుతో పోల్చినపుడు పిల్లలకు చర్మపు వైశాల్యం ఎక్కువ. అందుచేత వారు పెద్దలకంటే త్వరగా చల్లబడతారు. ఆటలో పడి ఆ సంగతి చెప్పరు.

మూడు పొరల పద్ధతి

1. లోపలి పొర: చర్మాన్ని అంటిపెట్టుకొని ఉండే, బిగించని సన్నని ఊలు లేదా పాలియెస్టర్ థర్మల్ దుస్తులు. ఇవి చెమటను బయటికి పంపుతాయి. నూలు బనియను తొడగరాదు.

2. నడిమి పొర: వదులుగా ఉండే ఊలు స్వెటరు లేదా ఫ్లీస్ కోటు. వేడిని నిలిపేది ఇదే.

3. పై పొర: గాలి, నీరు చొరని కోటు, ప్యాంటు. మంచులో కూర్చునే పిల్లలకు ప్యాంటు కూడ నీరు చొరనిదై ఉండవలెను.

చిన్నపిల్లలకు పెద్దలు తొడిగినదానికంటే ఒక పొర అదనంగా తొడగవలెను. అయితే చెమట పట్టేంతగా కప్పరాదు. మెడ వెనుక చేయి పెట్టి చూడండి. వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయినట్లు. చెమటగా ఉంటే ఒక పొర తీయవలెను. చల్లగా ఉంటే వెంటనే లోపలికి తీసుకుపోవలెను. పరుగులాటకు ముందు ఒక పొర తీసి, ఆట ఆగగానే తొడగడం మంచి అలవాటు.

తల, చేతులు, పాదాలు

చెవులు మూసే టోపీ పెట్టవలెను. పొడవైన మఫ్లరు ఆటలో దేనికైనా చిక్కుకొని మెడకు బిగుసుకొనే ప్రమాదం కలదు. దానికి బదులు మెడపట్టీ వాడవలెను. ఐదువేళ్ళు విడిగా ఉండే తొడుగులకంటే బొటనవ్రేలు మాత్రమే విడిగా ఉండేవి వెచ్చన. నీరు చొరని రకం రెండు జతలు తీసుకువెళ్ళండి. బూట్లలో వేళ్ళు కదలవలెను. రెండు జతల మేజోళ్ళు తొడిగి బూటు బిగించడంకంటే ఒక ఊలు జత మేలు. మంచుపై ఎండ పరావర్తనం తీవ్రం గనుక నల్లకళ్ళద్దాలు అవసరం.

ఆహారం, గృహచికిత్సలు

బయలుదేరేముందు నెయ్యివేసిన వేడి అన్నం లేదా గోధుమరొట్టె కడుపునిండా పెట్టవలెను. దారిలో నువ్వుల చిమ్మిలి, వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు ఇవ్వవచ్చును. చిటికెడు శొంఠి కలిపిన వేడిపాలు సాయంకాలం హితం. పెదవులకు, బుగ్గలకు నెయ్యి రాయండి. ఏడాది లోపు శిశువులకు తేనె ఇవ్వరాదు. పసిపిల్లల ముక్కువద్ద కర్పూరం, ముక్కులో నూనె కూడదు. చలికని బ్రాందీ పట్టించుట మహాప్రమాదం. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాంతకం. దానినుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

ప్రమాద చిహ్నాలు

వ్రేళ్ళు, ముక్కు, చెవులు తెల్లగా లేదా బూడిదవర్ణంగా మారి స్పర్శ తెలియకపోతే అది మంచుకాటు. ఆ భాగాన్ని రుద్దరాదు, నిప్పు చూపరాదు. మరల గడ్డకట్టే అవకాశం లేని వెచ్చని చోటికి చేర్చి, 37 నుండి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచి వైద్యునికి చూపవలెను.

తీవ్రమైన వణుకు, తడబడే మాట, మగత, తూలుట – ఇవి శరీరపు వేడి పడిపోతున్నదనుటకు గుర్తులు. 35 డిగ్రీల సెంటీగ్రేడు, అనగా 95 ఫారన్‌హీటుకు తగ్గితే ప్రాణాపాయం. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోవడం మరింత అపాయం. తడిబట్టలు విప్పి, ముందు రొమ్ము, మెడ భాగాలను వెచ్చచేస్తూ వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మగతలో ఉన్నవారి నోట ఏమీ పోయరాదు.

మనుమడు మరల మంచుకు ఎప్పుడు వెళ్దామని అడుగుతున్నాడు. ఈసారి వాని పెట్టె నేనే సర్దుతాను. నువ్వులనూనె సీసా తప్పక ఉంటుంది. నూలు బనియను మాత్రం ఉండదు. వాడు బిగుతుగా ఉన్నదన్నా, నిద్ర వస్తున్నదన్నా ఆ మాట వింటాను.