మంచుదారికి ముందుగా సిద్ధపడుట



మన యొద్ద మంచు అనగా డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున చేలమీద పరచుకొను పొగమంచు, లేక గడ్డిమీద నిలుచు చెమ్మ. ప్రొద్దెక్కగానే అది పోవును. కావున చలికాలము వచ్చుచున్నదని మన ఊరి లారీ డ్రైవరు గాని, ట్రాక్టరు తోలువాడు గాని బండికి ప్రత్యేకముగా చేయు పని ఏమియు లేదు. రేడియేటరులో నీరు తగ్గినయెడల బోరునీరు పోసి సాగిపోవును.

అయితే మన గ్రామముల బిడ్డలలో కొందరు సైన్యములో చేరి లడాఖు కొండలలో బండ్లు నడుపుచున్నారు. మరికొందరు ఉద్యోగముల నిమిత్తము కెనడా, అమెరికా మొదలగు చలిదేశములకు పోయి అచ్చట కార్లు నడుపుచున్నారు. ఇక్కడ చెల్లిన అలవాటు అక్కడ ప్రాణము మీదికి తెచ్చును. అందుచేత ఈ నెల ఈ పాఠమును వ్రాయుచున్నాము. బిడ్డలు దూరమున ఉన్న తలిదండ్రులు దీనిని చదివించుకొని, వారికి తెలియజేయుదురు గాక.

శ్రీనగరు నుండి లేహ్ పట్టణమునకు పోవు దారిని ఉదాహరణముగా తీసికొందము. దాని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. ఆ దారిలో జోజిలా కనుమ 11,500 అడుగులకు పైగా ఎత్తున ఉన్నది. దానిని దాటిన తరువాత ద్రాస్ అను ఊరు వచ్చును. ఇంకను ముందునకు పోగా ఫోటులా కనుమ 13,400 అడుగులకు మించిన ఎత్తున ఉన్నది. నీరు గడ్డకట్టునది సున్న డిగ్రీల యొద్ద. ద్రాసులో చలికాలపు రాత్రులు దానికంటె 20 డిగ్రీలు క్రిందికి దిగుట అరుదు కాదు. అట్టి చోట ఇనుము ముట్టుకొనిన వేళ్లు మొద్దుబారిపోవును, బోల్టు విప్పుటకు చేతులు వంగవు. కావున చేయవలసిన పని యంతయు క్రిందనే, వెచ్చగా ఉన్నప్పుడే చేసికొనవలెను. ఈ పాఠమునకు ముఖ్యమైన మాట ఇదే.

మొదటిది, రేడియేటరు. నీరు గడ్డకట్టునప్పుడు ఉబ్బును. 11 చెంబుల నీరు మంచుగడ్డయైన యెడల సుమారు 12 చెంబుల చోటు కావలెను. ఇంజనులో ఆ చోటు లేదు. కాబట్టి రేడియేటరు పగులును, ఒక్కొక్కప్పుడు ఇంజను దిమ్మయే చీలిపోవును. దీనికి మందు కూలెంటు. గ్లైకాల్ కలిగిన కూలెంటును, మంచి నీటిని సరిసగము కలిపిన యెడల సున్నకు క్రింద సుమారు 35 డిగ్రీల వరకు అది గడ్డకట్టదు. ఎక్కువ పోసిన మరింత మేలని కొందరు తలంతురు, అది సరికాదు. నీరు కలపని గ్లైకాల్ సున్నకు క్రింద సుమారు 13 డిగ్రీలకే గడ్డకట్టును. అంగడిలో ముందే నీరు కలిపిన కూలెంటు కూడ దొరకును, దానిలో మరల నీరు కలుపరాదు. ఇది తియ్యగా ఉండు విషము గనుక పిల్లలకును పశువులకును అందకుండ ఉంచవలెను.

రెండవది, బ్యాటరీ. చలిలో బ్యాటరీ బలము తగ్గును, అదే సమయమందు ఇంజను ఆయిలు చిక్కపడి ఇంజను తిరుగుటకు ఎక్కువ బలము కావలసివచ్చును. సున్నకు క్రింద 18 డిగ్రీల యొద్ద బ్యాటరీ తన బలములో దాదాపు సగము కోల్పోవును. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీలోని ఆసిడు గడ్డకట్టుట బహు కష్టము. చార్జి దిగిపోయిన దానిలోనిది ఇంచుమించు నీటివంటిది గనుక సున్నకు క్రింద పది డిగ్రీలలోపే గడ్డకట్టి డబ్బాను పగులగొట్టవచ్చును. పాత బ్యాటరీ ఇంకొక నెల వచ్చునులే అనుకొని కొండ ఎక్కరాదు.

మూడవది, డీజిలు. డీజిలులో మైనమువంటి పదార్థము ఉన్నది. చలికి అది పేరుకొని ఫిల్టరును మూసివేయును, అప్పుడు ట్యాంకు నిండుగా ఉన్నను బండి కదలదు. ట్యాంకు క్రింద మంట పెట్టి కరిగించువారు కలరు. అది బండికిని మనిషికిని అపాయము. ఇండియన్ ఆయిల్ వారు 2019 నవంబరులో లడాఖు కొరకు చలికాలపు డీజిలును విడుదల చేసిరి. అది సున్నకు క్రింద 33 డిగ్రీల వరకు పారును. ఆ ప్రాంతమునకు తగిన డీజిలునే పోయించుకొనవలెను. ఫిల్టరులో దిగిన నీటిని కూడ ముందుగా తీసివేయవలెను.

నాలుగవది, టైర్లును బ్రేకులును. అరిగిన టైరు మంచుమీద పలకవలె జారును. లారీకి వెనుక చక్రములకు వేయు ఇనుప చైన్లను ఎండలోనే ఒకసారి వేసి, విప్పి నేర్చుకొనవలెను. మంచుదారి రాగానే వేసి, ఉత్తరోడ్డు రాగానే విప్పవలెను. గాలి బ్రేకులు గల బండిలో గాలి ట్యాంకులందు చేరిన నీటిని దినదినము వదలవలెను. లేనిచో అది గడ్డకట్టి బ్రేకు పట్టదు, లేదా పట్టినది వదలదు. రాత్రి నిలిపినప్పుడు తడిసిన హ్యాండుబ్రేకు బిగిసిపోవచ్చును గనుక, చదునైన చోట నిలిపి, గేరులో ఉంచి, చక్రములకు దుంగ అడ్డము పెట్టుట మేలు.

నడుపునప్పుడు తొందర పనికిరాదు. తడిసినట్లు నల్లగా మెరయు రోడ్డు ఒక్కొక్కప్పుడు తడి కాదు, పలుచని మంచుపొర. బ్రేకు మీద ఒక్కసారి కాలు వేసిన యెడల బండి పక్కకు తిరుగును. తక్కువ గేరులో ఇంజను పట్టుతోనే దిగవలెను. ముందు బండికి దూరముగా ఉండవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. మంచు పడి దారి మూసికొనిపోయినప్పుడు డ్రైవరు వెచ్చదనము కొరకు ఇంజనును నడుపుచు అద్దములు మూసికొని పండుకొనును. మంచు సైలెన్సరు గొట్టమును కప్పివేసిన యెడల పొగ లోపలికి వచ్చును. అందులో కార్బన్ మోనాక్సైడు అను వాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు వచ్చినట్లుండి మనిషి నిద్రలోనే పోవును. 2022 జనవరిలో పాకిస్తానులోని మర్రీ యొద్ద మంచులో చిక్కిన కార్లలో 20 మందికి పైగా మరణించిరి. చలియు, ఈ విషవాయువును కారణములని అప్పుడు చెప్పబడెను. కాబట్టి బండి దిగి గొట్టము చుట్టును పారతో మంచు తీసిన తరువాతనే ఇంజను వేయవలెను. గంటకు పది నిమిషములు మాత్రమే వేసి, గాలివైపు కాని అద్దమును కొంచెము దించి ఉంచవలెను. క్యాబినులో బొగ్గుల కుంపటి ఎన్నడును పెట్టరాదు.

ఈ మాట లడాఖునకే కాదు, మన ఇండ్లకును చెందినది. చలిరాత్రులందు బాలింత గదిలోను, ముసలివారి మంచము క్రిందను నిప్పుల కుంపటి పెట్టి తలుపులు బిగించు అలవాటు మనలో ఉన్నది. అదే వాయువు, అదే మరణము. కుంపటిని పండుకొనకముందే బయట పెట్టి, దుప్పట్లు ఎక్కువ కప్పుడి.

బండిలో ఉంచవలసినవి: రెండు కంబళ్లు, పార, ఒక బస్తా ఇసుక, త్రాడు, టార్చిలైటు, త్రాగునీరు, బెల్లము, వేరుసెనగపప్పు. చక్రము ఒకే చోట తిరుగుచున్నప్పుడు దాని క్రింద చల్లుటకే ఆ ఇసుక. దారి మూసికొనిపోయిన యెడల బండిని విడిచి మంచులో నడచిపోవుట కంటె బండిలోనే ఉండుట క్షేమము.

కొండమీద చిక్కినవానికి క్రింద చేసికొనినదే ఆస్తి. మీ బిడ్డకు ఉత్తరము వ్రాయుచున్నను, ఫోనులో మాటలాడుచున్నను, "తిన్నావా?" అని అడిగిన తరువాత "కూలెంటు చూచుకొన్నావా? సైలెన్సరు గొట్టము జాగ్రత్త" అని కూడ చెప్పుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. రేడియేటరులో ఉత్త నీరు ఉన్నయెడల చలిలో ఏమి జరుగును? కూలెంటు ఏ పాళ్లలో కలుపవలెను?

2. చార్జి దిగిన బ్యాటరీ త్వరగా పగులుటకు కారణమేమి?

3. మంచులో నిలిచిన బండిలో ఇంజను వేయకముందు మొదట చేయవలసిన పని ఏది?

4. మన యిండ్లలో ఈ రాత్రి మూసిన గదిలో కుంపటి ఉన్నదా?