తుప్పు పట్టిన చిత్రిక

ఇనుప చిత్రిక తుప్పు పట్టినంతనే దానిని పాత సామానులవానికి తూచి యిచ్చివేయుట మనలో పరిపాటియై యున్నది. ఇది న్యాయము కాదు. ఇనుము నీటితోను, గాలియందలి ఆమ్లజనితోను కూడుటచే పైపొరయందు కలుగు వికారమే తుప్పు. లోని లోహము తఱచుగా చెడకయే యుండును. విచారణ జరుపకయే శిక్ష విధింపరాదు గదా.

స్టాన్లీ కంపెనీవారి నాలుగవ నంబరు చిత్రికను ఉదాహరణముగా గైకొందము. దాని అలుగు వెడల్పు 2 అంగుళములు. ఆ యేర్పాటు లెనార్డు బెయిలీ యను అమెరికా దేశీయునిది. అతని హక్కులను ఆ కంపెనీవారు 1869వ సంవత్సరమున కొనిరి.

మొదట మరమేకులను విప్పవలయును. కదలనివానిపై కిరసనాయిలు వేసి ఒక రాత్రి యుంచిన చాలవఱకు కదలును. సుత్తితో బలవంతము కూడదు; మొండెము పోత ఇనుము గనుక వంగదు, పగులును. దానిపైనున్న నల్లపూత నిలిచినంతవఱకు గోకరాదు. అలుగును, తుప్పు పట్టిన చిన్న భాగములను వెనిగరునందు నానవేయవలయును. చింతపండు పులుసును పనిచేయును. రసాయనశాస్త్రము చదువకయే ఇత్తడి బిందెలు తోము మన యిండ్లలోని స్త్రీలకు పులుపు గుణము తెలియనిది కాదు. అయితే పులుపు తుప్పుతో తృప్తిపడక ఇనుమును గూడ తినును. కావున నడుమనడుమ తీసి చూచుచు, పని తీరగానే బట్టల సోడా నీటితో కడిగి, వెంటనే తుడిచి నూనె రాయవలయును. తడిగా విడిచిన మరల ఎఱ్ఱబారును.

చదువుకొన్నవారు పొరపడునది ఇటుపైననే. వారు చిత్రికను అద్దమువలె మెఱయించి సంతసింతురు. కొయ్యకు ఆ మెఱుపుతో పని లేదు. అడుగు చదునుగా నున్నదా, అలుగు వాడిగా నున్నదా యనునదే ప్రశ్న. మందమైన గాజుపలకపై ఉప్పుకాగితమును పఱచి, చిత్రిక యడుగున పెన్సిలుతో గీతలు గీసి, అలుగును లోనికి తీసి బిగించియే రుద్దవలయును. బిగింపు వలన మొండెము కొంచెము వంగుటయు కలదు. ముందుకొన, నోటి చుట్టు, వెనుకకొన, ఈ మూడు తావుల గీతలు చెఱగిన చాలును. అడుగున తుప్పు తిన్న చిన్న గుంటలు మిగిలినను హాని లేదు. అట్టి గుంటయే అలుగు వెనుకతట్టున అంచును తాకిన, అది పోవువఱకు అఱుగదీయక తప్పదు. ఏ మచ్చను విడువవచ్చునో, దేనిని విడువరాదో యెఱుగుట ఆచారసంస్కరణమునకు పూనినవారికి క్రొత్త పాఠము కాదు.

ఇది వడ్రంగి పనియని త్రోసివేయువారు కలరు. మందిరమున మనుష్యులందఱు సోదరులని ప్రార్థించి, ఇంటికి వచ్చి చిత్రికను ముట్టుట అగౌరవమనుట ఏ ధర్మమో మాకు తెలియకున్నది. సానపట్టుట రానివారు వడ్రంగిని పిలిచి, పీట వేసి కూర్చుండబెట్టి, ఆయనయొద్ద శిష్యులై నేర్చుకొనవలయును. అలుగు వాలును సుమారు 25 డిగ్రీలకు నూఱి, సానపై అంచును తీర్చి, వెనుకతట్టు రజమును తీసివేయవలయును.

పిమ్మట టేకు చెక్కపై పోగువాలున నడిపి చూడవలయును. పలుచని పొట్టు తెగక చుట్టలుగా వచ్చిన, పని ముగిసినది. పొడి రాలిన, అలుగును మరల సానకు తీసికొనిపోవలయును.