ముందు బోల్తా కొట్టడం నేర్పండి

గోదారి గట్టున పుట్టిన పిల్లలు మన నోట ఎక్కువసార్లు వినే మాట "నీళ్ల దగ్గరికి వెళ్లకు". 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదారిలో టూరిస్టు బోటు మునిగాక ఆ మాట ఇంకా గట్టిపడింది. అమ్మానాన్నల భయం అర్థమైనదే. కానీ ఏటి పక్కనే బతికే పిల్లని ఆ ఒక్క మాట ఎన్నాళ్లు కాపాడుతుంది?

ఆ మాటకు బదులు తెరచాప పడవ నడపడం నేర్పే చోట్లూ ఉన్నాయి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ మీద 2009లో ఒక యాట్ క్లబ్ మొదలైంది. సముద్రం లేదు. అయినా అక్కడ సాధన చేసిన కొంగర ప్రీతి 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల దాకా వెళ్లింది. ఇలాంటిచోట్ల చిన్నపిల్లల చేతికి ముందుగా ఇచ్చేది ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవ. దాన్ని 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించాడు. ఎనిమిది అడుగుల లోపు పొడవు, 35 కిలోల బరువు. పోటీల్లో ఒక్కరే ఎక్కాలి, వయసు పదిహేనుకు మించకూడదు. పక్కన కూర్చుని సలహాలిచ్చే నాన్నకు చోటే లేదు. నాకు బాగా నచ్చింది అదే.

పడవ సిద్ధం చేసుకోవడం కూడా పిల్లల పనే. తెరచాప కొయ్య నిలబెట్టాలి, చాపను చిన్న చిన్న తాళ్లతో దానికి కట్టాలి, చుక్కాని తగిలించాలి. ఒక తాడు బిగువై ఇంకోటి వదులైతే చాప ముడతలు పడి పడవ నీరసంగా కదులుతుంది. ప్రాణం మీదికి వచ్చే తప్పు కానంతవరకు మంచి గురువు అక్కడ చెయ్యి పెట్టడు. పక్క పడవ ముందుకు వెళ్లిపోతుంటే తన తప్పు పిల్లకే తెలుస్తుంది. మనమో, స్కూలు ప్రాజెక్టుకి అట్టముక్క కూడా మనమే కత్తిరించి ఇస్తాం!

అసలు పాఠం ఆ తర్వాత. ఒడ్డుకు దగ్గరలో, లైఫ్ జాకెట్ వేసి, పడవని కావాలనే బోల్తా కొట్టిస్తారు. పడవ వదిలి ఈదుకుంటూ పోకూడదు. అది మునగదు, దాన్నే పట్టుకోవాలి. అడుగువైపుకు చేరి, కింద నుంచి పొడుచుకొచ్చిన పలక మీద బరువంతా వేస్తే పడవ లేస్తుంది. ఎక్కి, తాడుతో కట్టి ఉంచిన బకెట్‌తో నీళ్లు తోడెయ్యాలి. మళ్లీ బోల్తా, మళ్లీ లేపడం. మొదటిసారి ఏడ్చిన పిల్ల కాసేపటికి "ఇంకోసారి సార్" అంటుంది. పడితే ఎలా లేవాలో అక్కడ ముందే నేర్పుతారు. మీ ఇంట్లో మార్కులు తగ్గితే ఏం చెయ్యాలో పరీక్షకు ముందే ఎప్పుడైనా మాట్లాడుకున్నారా?

గాలి ఒక్కసారిగా విసిరితే పడవ ఒరుగుతుంది. కొత్తవాళ్లు తెరచాపను అదుపు చేసే తాడుని చేతిలో మరింత బిగించి పట్టుకుంటారు. చెయ్యాల్సింది వదలడం. తెరచాప రెపరెపలాడి పడవ నిలకడకొస్తుంది. అప్పుడు మెల్లగా మళ్లీ లాక్కోవచ్చు. పరీక్ష హాల్లో మొదటి లెక్క దగ్గరే బిగుసుకుపోయే కుర్రాడికి ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు.

ఎదురుగాలికి ఏ తెరచాప పడవా సూటిగా వెళ్లలేదు. ఈ పక్కకి కాసేపు, ఆ పక్కకి కాసేపు మలుపులు తిరుగుతూ వెళ్లాలి. గట్టు మీద నుంచి చూస్తే దారి తప్పినట్టే ఉంటుంది. డిగ్రీ మధ్యలో కోర్సు మార్చిన కొడుకుని కేకలేసేముందు ఇది గుర్తుంచుకోండి.

ఇదేదో మనకు పరాయి విద్య కాదు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టా కాలువల్లో లాకులు దాటుకుంటూ తెరచాప పడవలు సరుకులు మోశాయి. లారీలొచ్చాక అవి పోయాయి.

నేర్పదలిస్తే ముందు ఈత. వరద నెలల్లో నది జోలికి వద్దు. సంక్రాంతి దాటాక, ఆనకట్టకు ఎగువన నిలిచిన నీళ్లలో, గాలి పెద్దగా లేని పొద్దుటి పూట, పక్కన కాపలా పడవతో, తగిన అనుమతులు తీసుకుని మొదలుపెట్టండి. అమ్మానాన్నలు గట్టు మీదే ఉండాలి, నోరు మూసుకుని.