ఏ బూట్లు వేసుకెళ్తున్నావు?

కదమా, జంషెడ్‌పూర్

చిరంజీవి చిన్నాకి తాతయ్య దీవెనలు.

నిన్న మీ అమ్మ ఫోన్లో రెండు సంగతులు చెప్పింది. ఆగస్టులో నువ్వు స్పెయిన్ వెళ్లి టమాటాలతో కొట్టుకునే పండక్కి టికెట్టు కొన్నావని ఒకటి. సెలవులన్నీ దానికే ఖర్చయిపోతాయి కాబట్టి ఈ ఏడు దసరాకి విజయనగరం రావని రెండోది. మొదటిది చెప్పేటప్పుడు దాని గొంతులో ఏడుపు, రెండోదానికి మామూలు గొంతు. నాకు సరిగ్గా తలకిందులు. మొదటిదానికి నవ్వొచ్చింది, రెండోదానికి రాత్రి అన్నం సయించలేదు. సరే, అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది చెప్పు. ఏ బూట్లు వేసుకెళ్తున్నావు?

నవ్వకు. ముప్పై నాలుగేళ్లు సేఫ్టీ బూట్లలో షిఫ్టు చేసినవాడిని. పెళ్లిచూపులకొచ్చి ఈయన నా మొహం చూడకముందు నా చెప్పులు చూశాడని మీ మామ్మ బతికున్నన్నాళ్లూ అందరికీ చెప్పింది. అబద్ధమేం కాదు. ఆ చెప్పు వారు తెగిపోయేలా ఉంది మరి.

నీ పండగ గురించి మీ పిన్ని కొడుకు చేత ఫోన్లో చదివించుకున్నాను. వాలెన్సియా దగ్గర బున్యోల్ అనే ఊరట. ఆగస్టు ఆఖరి బుధవారం. 1945లో ఊరేగింపు మధ్యలో కుర్రాళ్లు తోసుకుని, పక్కనున్న కూరగాయల దుకాణం మీద పడి, చేతికందిన టమాటా అల్లా విసిరారట. అది అలా ఉండిపోయింది. మధ్యలో ప్రభుత్వం వద్దంటే, 1957లో ఊరివాళ్లు పెద్ద టమాటా ఒకటి శవపేటికలో పెట్టి, బ్యాండుమేళంతో ఏడుస్తూ ఊరేగించి పాతిపెట్టారట. అది విన్నాక ఆ ఊరివాళ్లంటే నాకు గౌరవం కలిగింది. ఆట గంటే. విసిరేముందు టమాటాని చేత్తో నలపాలట, దెబ్బ తగలకుండా. మంచి నియమం. మర్చిపోకు.

ఇప్పుడు నా లెక్క విను. నూరు టన్నులకి పైగా పళ్లు, ఇరుకు వీధి, వేలమంది జనం. ఒక్క గంటలో ఆ వీధి నేలంతా పచ్చడి. అందులో హవాయి చెప్పులతో దిగినవాడికి రెండు నిమిషాల్లో చెప్పులుండవు. పోతే పోయాయి, డబ్బుదేముంది. కానీ మనిషి ఊరుకోడు, వెతుక్కుందామని వంగుతాడు. నా భయమంతా ఆ వంగడం గురించి. చెప్పు పోతే పోనీ చిన్నా, వంగకు. పాత కాన్వాస్ బూట్లు, లేసు రెండు ముళ్లు. తర్వాత అవి అక్కడే పారేసి రా, ఇంటికి మోసుకురాకు.

ఎందుకింత చెబుతున్నానంటే, నేను వంగాను.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. మా నాన్నకి బోనస్ వచ్చింది. బిస్టుపూర్‌లో నాకు తోలు చెప్పులు కొని, అదే ఊపులో విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను చూపిస్తానని బయల్దేరదీశాడు. ఖరగ్‌పూర్‌లో బండి మారి, రాత్రంతా పెట్టె మీద కూర్చుని వెళ్లాం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. నువ్వు మూడేళ్లప్పుడు నా భుజాల మీంచి చూశావు, గుర్తుండదు. అరవై అడుగుల చింతమాను బండి మీద వాలుగా ఎక్కించి ఉంటుంది. దాని కొసన పీట, ఆ పీట మీద పూజారి. చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారే ఆయన కలలోకొచ్చి చెబుతుందంటారు. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లొస్తుంది మాను. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. మేడల మీద, గోడల మీద, చెట్ల మీద జనమే. అందరి చేతుల్లో అరటిపళ్లు. మాను దగ్గరికి రాగానే పూజారి వైపు విసురుతారు.

విసిరిన పళ్లు ఏమవుతాయి? కింద పడతాయి. దాని గురించి ఎవరూ రాయరు. నేను వాటి మీదే కాలేశాను. కొత్త తోలు అట్ట, కింద మెత్తటి అరటిపండు. ఎడమ చెప్పు ఊడి జనం కాళ్ల మధ్య పడింది. బోనస్ చెప్పు కదా, వంగాను. మళ్లీ లేవలేకపోయాను. మోకాళ్లు, పంచె కొంగులు, చీకటి. ఊపిరి ఆడలేదు. ఎవరో నా చొక్కా కాలరు పట్టి పైకి లాగారు. వల పట్టుకుని నడిచే బెస్తాయన. వల వదల్లేదు, ఒక చేత్తోనే లాగాడు. నా ముఖం చూసి నవ్వి, మరేమీ అనకుండా వెళ్లిపోయాడు. మా నాన్న కొడతాడనుకున్నాను. ఉన్న కుడి చెప్పు కూడా విప్పించి ఓ గోడ మీద పెట్టించి, కాలికి తెలిసేలా నడువు అన్నాడు. మధ్యాహ్నం ఎండకి కాలిన తారు సాయంత్రానికీ చల్లారలేదు. ఇప్పటికీ సిరిమాను అంటే నాకు ముందు అరికాలి వేడే గుర్తొస్తుంది, తర్వాతే మాను.

ఎటో వెళ్లిపోయాను. నువ్వు చూడాలనుకునే పండగల జాబితాలో ఇంకో ఊరు ఉందట, ఇంగ్లండులో గుండ్రటి చీజు ముద్దని నిట్టనిలువు గుట్ట మీంచి దొర్లించి వెంటపడతారట, గ్లాస్టర్‌షైర్‌లో. దానికి ఏ బూట్లు చెప్పాలో నాకు తోచలేదు. ఆ గుట్ట ఫొటో చూశాను. వద్దు.

ఇక్కడివి చూడకుండా అక్కడికెందుకని మీ నాన్న అంటున్నాడట. ఆ మాట పట్టించుకోకు. మా నాన్న ఊరు వదిలి ఈ కొలిమి ఊరికి రాకపోతే మేము టుసు పండగ చూసేవాళ్లమా? ఇరవై ఏళ్లప్పుడు సంక్రాంతికి నేను దోముహానీ వెళ్లేవాడిని. సువర్ణరేఖలో ఖర్కాయి కలిసే చోటు. నెలంతా టుసు పాటలు పాడిన ఆడపిల్లలు రంగు కాగితాల చౌడల్ ఎత్తుకుని నీళ్లలో వదలడానికి వస్తారు. ఆ చలిలో నేను బూట్లతోనే ఇసుకలో నిలబడ్డాను, షిఫ్టు నుంచి అటే వెళ్లి. ఒక ముసలామె నా బూట్ల వైపు వేలు చూపించి ఏదో అంది. భాష తెలియలేదు, అర్థమైంది. విప్పాను. ఇసుక మంచులా ఉంది. ఆమె కొంగులోంచి ఒక పిఠా తీసి చేతిలో పెట్టింది, లోపల బెల్లం. పరాయివాళ్ల పండక్కి మనం చుట్టాలం, గడప దగ్గర ఏం చెబితే అది చెయ్యాలి. బున్యోల్లోనూ అంతే. అక్కడ వేసుకోమంటారు, ఇక్కడ విప్పమన్నారు. నేను చెప్పేదొకటి చేసేదొకటి అనుకుంటావేమో, అనుకో.

అన్నట్టు, సరాయికెలా చౌ నాట్యం చూడకుండా నీ జాబితా ఎలా పూర్తయింది? మనకి గంట దూరం. చైత్ర పర్వం, ఏప్రిల్లో. 2010లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మొహానికి ముసుగు, కళ్లు కదలవు, పెదవి కదలదు. భావం చెప్పడానికి ఒళ్లు, కాళ్లే మిగిలాయి. ఇల్లు అలకడం లాంటి ఆడవాళ్ల పనుల్లోంచి తీసిన అడుగులున్నాయి అందులో. ముసుగులో ఊపిరాడదు కాబట్టి ఒక్కో ఆట కొద్ది నిమిషాలే. నేను మొదటి వరసలో కూర్చుని ముసుగులు చూడకుండా పాదాలు చూస్తానని మీ మామ్మ వెక్కిరించేది. 1938లోనే సరాయికెలా రాజకుటుంబం వాళ్లు బృందాన్ని యూరప్ తీసుకెళ్లి ఆడించారు. నువ్వు వెళ్లే దారిలో వాళ్లు ముందే నడిచారు, అదీ ఉత్త కాళ్లతో.

కర్నూలు వైపు కైరుప్పలలో ఉగాది మర్నాడు పిడకలతో కొట్టుకుంటారు. దానికీ టమాటాల ఆటకీ తేడా ఏమిటో వచ్చాక చెబుదువుగాని. దేవరగట్టు కర్రల సంబరం మాత్రం నీకు చెప్పను, చెబితే వెళ్తావు.

ఒకసారి, నీకప్పుడు నాలుగేళ్లు. మార్చి 3న, ఫౌండర్స్ డే దీపాలు చూడ్డానికి జూబిలీ పార్కు వెళ్లాం. ఊరు కట్టాలని కలగని, దాన్ని చూడకుండానే పోయిన మనిషి పుట్టినరోజుకి ఒక ఊరు ఊరంతా దీపాలు పెట్టుకోవడం, ఇది కూడా వింత పండగే అని నా లెక్క. నీ ఎర్ర బూటొకటి ఆ జనంలో పోయింది. నువ్వు ఏడవలేదు. ఒక కాలు బూటుతో, ఒక కాలు ఉత్తగా, గులాబీల పక్క నుంచి కుంటుకుంటూ నడిచి, ఇది కూడా బానే ఉంది తాతా అన్నావు. ఆ రెండో బూటు నా దగ్గరే ఉంది. మీ అమ్మకి చెప్పకు, పాత సామాన్లన్నీ పారెయ్యమని రోజూ అంటోంది.

స్పెయిన్ వెళ్లు. డబ్బు తగ్గితే అడుగు, మీ నాన్నని కాదు, నన్ను. గంట కొట్టుకున్నాక ఫైరింజన్‌తో వీధి కడుగుతారట, ఒళ్లు కూడా అక్కడే కడుక్కో. కళ్లకి అద్దాలు పెట్టుకో.

సిరిమాను సంగతి. నా మోకాళ్లకి ఇక జనంలో ఒంటరిగా వెళ్లే ఓపిక లేదు. రైలు నేనెక్కగలను, మూడు లాంతర్ల దగ్గర నిలబడటమే కష్టం. భుజం ఇచ్చేవాళ్లు కావాలి. ఆ మంగళవారం ఒక్కరోజు సెలవు దొరుకుతుందేమో మీ ఆఫీసులో అడిగి చూడు. దొరక్కపోతే ఫర్వాలేదు, టీవీలో చూస్తాను.

నీ పాత కాన్వాస్ బూట్లు అటక మీదే ఉన్నాయి, నిన్న దింపించాను. కుడిదానికి లేసు లేదు, సాక్చిలో కొని వేయిస్తాను. పార్శిలు పంపేముందు ఒక్కటి చెప్పు. నీ కాలు ఇంకా తొమ్మిదేనా, పదయిందా?

తాతయ్య