షిఫ్ట్ కీని ఐదుసార్లు నొక్కితే ఏమవుతుంది?

కంప్యూటర్‌లో ఆట మంచి ఊపులో ఉంటుంది. ఉన్నట్టుండి ‘స్టిక్కీ కీస్ ఆన్ చేయాలా?’ అనే ప్రశ్న తెర మీదికి వచ్చి ఆటకు అడ్డుపడుతుంది. షిఫ్ట్ కీని వరుసగా ఐదుసార్లు నొక్కితే విండోస్ ఇలా అడుగుతుంది. చాలామందికి ఇది చిరాకు. కొందరికి మాత్రం కంప్యూటర్ వాడటం మొదలయ్యేదే ఇక్కడ.

కాపీ చేయాలంటే కంట్రోల్, సి కీలను కలిపి నొక్కాలి. కొన్ని కార్యాలయాల్లో లాగిన్ కావాలంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కీలు మూడూ ఒకేసారి నొక్కాలి. ఒకే వేలితోనో, నోట పట్టుకున్న పుల్లతోనో టైప్ చేసేవారికి అది సాధ్యం కాదు. స్టిక్కీ కీస్ ఆన్‌లో ఉంటే ఆ కీలను ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా చాలు. ఇలాంటి సదుపాయాలపై అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ట్రేస్ సెంటర్ పరిశోధకులు పనిచేశారు. 1995లో వచ్చిన విండోస్ 95లోనే అవి భాగమయ్యాయి.

వీటిని సెట్టింగ్స్‌లో ఉంచితే సరిపోదా? లైబ్రరీలోనో, కాలేజీ ల్యాబ్‌లోనో తనది కాని కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థి సెట్టింగ్స్ దాకా వెళ్లడానికే పక్కవారి సాయం అడగాల్సి వస్తే, ఆ సదుపాయం ఉన్నా లేనట్టే. అలాగని అది ఊరికే తెర మీదికి వస్తుంటే మిగతావారు విసిగి పూర్తిగా తీసేస్తారు. పొగ అలారం సంగతీ ఇంతే. మరీ సున్నితంగా ఉంటే పోపు పొగకే మోగుతుంది, మొద్దుగా ఉంటే నిప్పంటుకున్నా మోగదు.

అందుకే ఈ సంకేతాన్ని ఆలోచించి ఎంచుకున్నారు. షిఫ్ట్ ఒక్కటే కాబట్టి ఒక వేలు చాలు. మామూలుగా టైప్ చేసేటప్పుడు షిఫ్ట్‌తో పాటు ఏదో ఒక అక్షరం నొక్కుతాం కాబట్టి లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆటల్లో షిఫ్ట్‌ను పదేపదే నొక్కుతాం, అందుకే అక్కడ ఎదురవుతుంది. అప్పుడు కూడా ముందు అడుగుతుంది, వద్దంటే ఊరుకుంటుంది. ఎవరైనా ఆన్ చేసి వెళ్లిపోయినా, తర్వాత వచ్చినవారు రెండు కీలు కలిపి నొక్కగానే దానంతటదే ఆగిపోయే ఏర్పాటూ ఉంది. చేతులు వణికేవారికి ఉపయోగపడే ఫిల్టర్ కీస్‌కు కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కి పట్టాలి.

మీ సొంత కంప్యూటర్‌లో ఇది ఇబ్బందిగా ఉంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డ్ విభాగానికి వెళ్లి ఆ షార్ట్‌కట్‌ను మాత్రం ఆపుకోవచ్చు. పదిమంది వాడే కంప్యూటర్‌లో మాత్రం దాన్ని అలాగే ఉండనివ్వండి. తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవారికి అది అవసరం కావచ్చు.